తొమ్మిదేళ్ల బాబుకి ఓసీడీ. ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్టు) ఎక్కడ దొరుకుతారు?

చిన్నూ వాళ్లమ్మ, కాకినాడ:
మా వాడు నాలుగో తరగతి. సంక్రాంతి సెలవుల నుంచి చేతులు కడగడం ఎక్కువైంది. మొదట్లో మా అత్తయ్యగారు "నా మడి వీడికొచ్చింది" అని మురిసిపోయారు. ఇప్పుడు వేళ్ల సందులు పగిలి, పులిహోర కలుపుకుంటే మండుతోందని ఏడుస్తున్నాడు. చేతులయ్యాక కుళాయి కూడా కడుగుతాడు, కట్టేటప్పుడు మళ్లీ అంటుకుంటుందట! రాత్రి పడుకునే ముందు "అమ్మా, నీకేం కాదు కదా?" అంటాడు. నేను "కాదు నాన్నా" అనాలి, అదే మాట, అదే గొంతుతో. నిన్న పదిహేడు సార్లు అన్నాను.

ఓసీడీ అని పిల్లల డాక్టరుగారు చెప్పారు, అంటే వద్దన్నా భయం వచ్చి, అది తగ్గడానికి అదే పని మళ్లీ మళ్లీ చేసే జబ్బట. రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే ఓటీ దగ్గరికి తీసుకెళ్లమని స్కూల్లో టీచర్ అన్నారు. ఒక సెంటర్‌కి నెలన్నర తిప్పాం. ఉయ్యాల ఊపారు, బంతుల తొట్టిలో ఆడించారు. వాడికి సరదాగానే ఉంది, కుళాయి మాత్రం కడుగుతూనే ఉన్నాడు. ఓసీడీ బాగా తెలిసిన ఓటీ ఇటువైపు ఎవరైనా ఉన్నారా?

వైజాగ్ ఓటీ:
నేనూ ఓటీనే అండి. కానీ మీరు ముందు వెతకాల్సింది మమ్మల్ని కాదు. ఓసీడీకి కావలసింది ఈఆర్‌పీ అనే థెరపీ. పిల్లాడు భయపడేదాన్ని కొంచెం కొంచెంగా ముట్టుకోనిచ్చి, కడుక్కోకుండా ఆ కంగారుని ఓర్చుకోవడం నేర్పుతారు. అది క్లినికల్ సైకాలజిస్టు పని. ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా, పిల్లలకి ఈఆర్‌పీ చేశారా, ఇంట్లో మీతో ఏం చేయిస్తారు అని ఫోన్‌లోనే అడిగేయండి. "కౌన్సెలింగ్ ఇస్తాం, ధ్యానం నేర్పుతాం" దగ్గరే ఆగిపోతే ఇంకొకరిని చూసుకోండి.

చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. బెంగళూరు వెళ్లగలిగితే అక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్కే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

స్నానానికి గంట పట్టి బడికి ఆలస్యమవుతుంటే, బట్టలు ఒంటికి గుచ్చుకుంటున్నాయని పేచీ పెడుతుంటే, అప్పుడు మా పని ఉంటుంది. అదీ సైకాలజిస్టుతో మాట్లాడుకుంటూ చేయాలి. ఉయ్యాలతో ఓసీడీ పోదు.

గుంటూరు బాబాయ్:
ఈ వయసులో మామూలే అమ్మా. పెద్దయితే అదే పోతుంది.

పాప నాన్న, హైదరాబాద్:
బాబాయ్ గారూ, మేమూ అలాగే అనుకుని రెండేళ్లు పోగొట్టుకున్నాం. ఎర్రగడ్డ అనగానే మా ఇంట్లో పెద్ద గొడవ, "పిల్లకి పిచ్చి అంటావా" అని. చివరికి వేరేచోట సైకాలజిస్టు దొరికారు. మొదటి రోజు పని ఇంతే: తలుపు గొళ్లెం ముట్టుకుని, చేతులు కడగకుండా బిస్కెట్ తినడం. ఇరవై నిమిషాలు ఏడ్చింది. నాలుగో వారానికి గొళ్లెం తీసి నేరుగా ఫ్రిజ్ దగ్గరికి పోయింది. ప్రతిదానికీ అనుమానమే కదా అని ఆ జబ్బుకి తనే "సీఐడీ" అని పేరు పెట్టుకుంది. సైకియాట్రిస్టు సెర్ట్రలిన్ కూడా రాశారు. మందు పేరు వింటేనే మాకు టెన్షన్, కానీ దాంతో థెరపీలో కూర్చోగలిగింది.

చిన్నూ వాళ్లమ్మ:
రేపే ఫోన్ చేస్తాను. ఒక్క డౌట్. రాత్రి "కాదు నాన్నా" అనడం ఇవాళే మానేయనా?

వైజాగ్ ఓటీ:
వద్దండి, ఒక్కసారిగా మానేస్తే వాడు బెదిరిపోతాడు. ఎన్నిసార్లు అడుగుతున్నాడో రాసి పెట్టుకోండి, సైకాలజిస్టు ముందు అదే అడుగుతారు. ఎలా తగ్గించాలో వాడికి కూడా చెప్పి, ముగ్గురూ కలిసి మొదలుపెట్టండి. ఈలోపు చేతులకి కొబ్బరినూనె రాయండి.