పెరట్లో గాలి ట్యాంకు నింపి రాత్రికి కరెంటు దాచుకోవచ్చా?

పెరటి_సోలార్: మధ్యాహ్నం ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటు చాలావరకు మిగిలిపోతోంది. కొన్నేళ్లకోసారి బ్యాటరీలు మార్చే బాధ పడలేను. షెడ్డులో పాత 300 లీటర్ల కంప్రెసర్ ట్యాంకు ఉంది. పగలు గాలి నింపి, రాత్రి దానితో ఎయిర్ మోటారునూ డైనమోనూ తిప్పితే? చేసి చూసినవారు చెప్పండి.

లెక్కల_మాస్టారు: 300 లీటర్లు, గేజి మీద పీడనం 10 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనం). గాలి చల్లబడకుండా, ఏ నష్టమూ లేకుండా బయటికి వచ్చినా దక్కేది సుమారు 490 కిలోజౌళ్లు, అంటే 0.14 యూనిట్. మామూలు 12 వోల్టుల, 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లు ఉంటాయి. ఒక్క బ్యాటరీకి సాటిగా అలాంటి ట్యాంకులు 13 కావాలి.

షెడ్డు_మూర్తి: అదీ నష్టాలు లేకపోతే! మేము గాలితో తిరిగే గ్రైండర్ మోటారుకు చిన్న డైనమో బిగించి చూశాం. ఎల్ఈడీ బల్బు బ్రహ్మాండంగా వెలిగింది. టీ తాగి వచ్చేలోపు గేజి ముల్లు పడిపోయింది. మండు వేసవిలో గాలి బయటికొచ్చే రంధ్రం దగ్గర మంచు పేరుకుంది.

పెరటి_సోలార్: మంచా? ఎందుకండీ?

లెక్కల_మాస్టారు: గాలిని ఒక్కసారిగా 8 రెట్ల పీడనానికి నొక్కితే, సిద్ధాంతం ప్రకారం 270 డిగ్రీలు దాటుతుంది. మీరు ఖర్చుపెట్టిన కరెంటులో పెద్ద వాటా ఆ వేడిలోనే ఉంది. సాయంత్రానికి అది ట్యాంకు గోడల గుండా బయటికి పోతుంది. మళ్లీ వదిలినప్పుడు గాలి విపరీతంగా చల్లబడి, అందులోని తేమ గడ్డకడుతుంది. జర్మనీలోని హుంటోర్ఫ్ విద్యుత్ కేంద్రంలో 1978 నుంచి ఉప్పు గుహల్లో గాలి నిల్వ చేస్తున్నారు. వాళ్లు కూడా సహజ వాయువు మండించి ఆ గాలిని వేడెక్కించాకే టర్బైనులోకి పంపుతారు. అమెరికాలో, అలబామాలోని మెకింటోష్‌ కేంద్రానిదీ (1991) అదే దారి.

కొత్త_సభ్యుడు: 200 బార్ సిలిండరు వాడితే?

లెక్కల_మాస్టారు: 12 లీటర్ల సిలిండరులో 0.3 యూనిట్‌కు కొంచెం తక్కువ. అంత పీడనానికి నింపే కంప్రెసర్ ధర ముందు కనుక్కోండి, ఉత్సాహం దానంతటదే తగ్గుతుంది.

షెడ్డు_మూర్తి: డ్రమ్ములు వెల్డింగ్ చేసి గాలి నింపే వీడియోలు చూసి ఎవరూ ఆ పని చేయవద్దు. పగిలితే రేకు ముక్కలు మనుషుల్లో దిగుతాయి.

బోరు_రైతు: గాలిని గాలిగానే వాడండి. మా బోర్లలో నీళ్లు తక్కువ, ఇసుక ఎక్కువ. నీళ్లలో దించిన మోటార్లు ఊరికే కాలిపోయేవి. ఇప్పుడు కంప్రెసర్ పైనే ఉంటుంది, గాలి గొట్టం ఒక్కటే లోపలికి పోతుంది. బుడగలతో కలిసి నీళ్లు పైకి వస్తాయి. కరెంటు ఎక్కువే తింటుంది, కానీ ఎలాగూ మిగిలేదే కదా.

పెరటి_సోలార్: అయితే ఆ ట్యాంకు టైర్లకూ స్ప్రే పెయింటింగుకూ ఉంచుతాను. ముందు ఏం చూసుకోవాలి మూర్తి గారూ?

షెడ్డు_మూర్తి: అడుగున కుళాయి తిప్పి నీళ్లు తీసేయండి. తుప్పు ఎక్కువగా లోపలి నుంచే తింటుంది. సేఫ్టీ వాల్వు కొత్తది వేయించండి. తర్వాత నీళ్లు నింపి పీడన పరీక్ష చేయించండి, గాలితో వద్దు. ట్యాంకుకు కొట్టిన ప్లేటు మీద ఎంత పీడనం తట్టుకుంటుందో రాసి ఉంటుంది. ప్లేటే లేకపోతే పాత ఇనుముకు వేసేయండి.