‘బిళ్ళబంట్రోతు’లో బిళ్ళ ఏది?

గ్రూపులో పెద్దలకు ఒక ప్రశ్న. మాది దేవరకొండ దిక్కు. చెలకలో పడిపోయిన కమ్మ కోసం మా తమ్ముడు మెటల్ డిటెక్టర్ తెచ్చి వెతికాడు. కమ్మ దొరకలేదు గానీ, జానెడు లోతులో ఒక గుండ్రటి ఇత్తడి బిళ్ళ బయటపడింది. మీద ఉర్దూ రాత, కింద 1342 అని ఉర్దూ అంకెలు. ఊళ్లో ఒకరు నిజాం రూపాయి అన్నారు, ఇంకొకరు కల్లు దుకాణం టోకెన్ అన్నారు. మా పెద్దమ్మ మాత్రం చూడగానే ‘ఇది బిళ్ళబంట్రోతుది’ అన్నది. ఆ మాటలో బిళ్ళ అంటే నాణెమేనా?

– చెల్లె, పెద్దమ్మ మాట కొట్టేయకండి. మందుబిళ్ళ నుంచి తొక్కుడుబిళ్ళ దాకా చదునుగా ఉన్నవన్నీ మనకు బిళ్ళలే గానీ, ఇక్కడ మాత్రం అది నౌకరీ గుర్తు. బంట్రోతు భుజం మీంచి అడ్డంగా వేసుకునే పట్టీని డవాలు అంటారు. పారసీలో దవాల్ అంటే తోలుపట్టీ. బిళ్ళ దాని మీద ఉండేది. డవాలు బంట్రోతు అనడం అందుకే. మన తెలంగాణలో ఎక్కువ వినిపించే చప్రాసి కూడా అంతే: చప్రాస్ అంటే బిళ్ళ, అది పెట్టుకున్నవాడు చప్రాసి. బిళ్ళబంట్రోతు, చప్రాసి రెండు మాటల్లోనూ మనిషి కంటే బిళ్ళే ముందు. ఊళ్లోకి అతనొస్తే జనం లేచి నిలబడ్డదీ దాన్ని చూసే కదా!

రూపాయి అయితే కాదు. అప్పటి హాలీ సిక్కా (నిజాం సొంత నాణెం) రూపాయి వెండిది, దాని మీద చార్మినార్ ఉంటుంది. మీరు వెనక వైపు చూడండి. పట్టీకి బిగించే కొక్కేలో, కొండీలో ఉంటే డవాలు బిళ్ళ అనుకోవచ్చు. అంచున ఒక్క రంధ్రమే ఉంటే మేకుకో తాడుకో తగిలించే లెక్క టోకెన్ కావచ్చు. ఇంకో మాట, చింతపండు పెట్టి తోమకండి. రాతే పోతుంది.

– అన్న చెప్పింది సరే, నన్ను ఆపింది ఆ 1342. నిజాం నాణేల మీద హిజ్రీ వేసేవారు, సర్కారీ కాగితాల్లో ఫస్లీ (శిస్తు లెక్కల సంవత్సరం) నడిచేది. హిజ్రీ అయితే 1923-24. ఫస్లీ అయితే 590 కలపాలి, అంటే 1932 అక్టోబరు నుంచి మొదలయ్యే ఏడాది. తాలూకా కచేరీ బిళ్ళ అయితే నేను ఫస్లీ వైపే మొగ్గుతాను. అయితే సంవత్సరం కాకుండా ఉత్త నంబరైనా కావచ్చు, అంకెల పక్కన ‘నంబర్’ అనో ‘ఫస్లీ’ అనో ఉందేమో చదివించండి. ఈ తేడా చిన్నది కాదు. వందేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు.

– మాది పాలమూరు. రైల్వే బిళ్ళలకు ఈ తారీఖు తంటా లేదు, అక్షరాలే చెప్తాయి. ఎన్‌.జి.ఎస్‌.ఆర్‌. (నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే) అని ఉంటే 1930కి ముందుది, ఎన్‌.ఎస్‌.ఆర్‌. (నిజామ్స్ స్టేట్ రైల్వే) అంటే తర్వాతది. ఆ ఏడాది సర్కారు రైల్వేను తన చేతిలోకి తీసుకుంది, దాంతో పేరులోంచి ‘గ్యారంటీడ్’ పోయింది.

– అందరికీ థ్యాంక్స్. వెనక రెండు కొండీలున్నాయి, ఒకటి విరిగింది. ఉర్దూ వచ్చిన సార్‌కు చూపిస్తే పై వరసలో ‘తహసీల్’ ఖాయం అన్నారు, దాని పక్క మాట అరిగిపోయింది. అంకెల ముందు ‘నంబర్’ లేదు, చివర ఒక అక్షరం సగమే ఉంది, అది ‘ఫ’ కావచ్చట. పలుచటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీశాం, రేపు ఫొటో పెడతాను. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలం దస్తావేజులుంటాయి కదా, దేవరకొండ తాలూకా నౌకర్ల జీతాల కాగితాలు ఏ శాఖ కింద అడగాలో ఎవరైనా చెప్పండి. తహసీల్దారు ఆఫీసులో కూడా చెప్పి వస్తాం. తమ్ముడిని మళ్లీ తవ్వకుండా ఆపడమే టెన్షన్‌గా ఉంది.