ఎస్వీఆర్ గారి అవార్డుల లిస్టు ఒక్క లైనే వస్తోంది, ఫ్లెక్స్ మీద ఏం వెయ్యాలి?

గూడెం_డీటీపీ:

నమస్కారమండి. నాది తాడేపల్లిగూడెంలో చిన్న ఫ్లెక్స్, డీటీపీ షాపు. జూలై 3న ఎస్వీ రంగారావు గారి జయంతి. ఇక్కడ ఆయన కంచు విగ్రహం ఉంది కదా, 2019లో చిరంజీవి గారు వచ్చి ఆవిష్కరించింది, దాని దగ్గర కట్టడానికి పది బై ఆరు ఫ్లెక్స్ ఆర్డరొచ్చింది. ఎడమ పక్కన కీచకుడి వేషంలో ఫొటో, కుడి పక్కన పైనుంచి కిందదాకా 'అవార్డులు, నామినేషన్లు' అని ఒక కాలమ్. డబ్బులిచ్చేవాళ్లు అడిగింది అదే, నేను కాదనలేను.

చిక్కెక్కడొచ్చిందంటే, ఆ కాలమ్ మోడల్ పాతది. కిందటి ఆగస్టులో చిరంజీవి గారి పుట్టినరోజుకి కొందరు కుర్రాళ్లు చేయించుకున్నారు. ఒక్కో లైను ముందు చిన్న బంగారు నంది బొమ్మ, వెనకాల లేత పసుపు పట్టీ. స్వయంకృషి, ఆపద్బాంధవుడు, ఇంద్ర, మూడు నందులు. శుభలేఖ దగ్గర మొదలుపెట్టి వరసగా ఫిల్మ్‌ఫేర్లు. 2006లో పద్మభూషణ్, 2024లో పద్మవిభూషణ్. కాలమ్‌లో పట్టక అక్షరం సైజు తగ్గించుకుంటూ పోయాను. ఇప్పుడు అదే మోడల్లో ఎస్వీఆర్ గారివి ఎక్కిస్తే '1964, జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవం, ఉత్తమ నటుడు, నర్తనశాల' అని ఒక్క లైను పడింది. దాని కింద అన్నీ ఖాళీ పట్టీలే, ఒక్కో దాని ముందు ఒక నంది బొమ్మ ఊరికే కూర్చుని ఉంది.

షాపులో నా కుర్చీ వెనకాల నిలబడి ఒకాయన 'రాష్ట్రపతి అవార్డు రెండుసార్లు వచ్చింది, వెయ్యి' అంటారు. ఇంకొకాయన 'ఉత్తమ నటుడు నంది లేకుండా ఎలా ఉంటుంది, వెయ్యి' అంటారు. వాళ్లబ్బాయి ఫోన్లో ఒక వాట్సాప్ ఫార్వర్డ్ చూపించాడు, అందులో అయితే ఆస్కార్ కూడా ఉంది! అడుగున నా షాపు పేరు, ఫోన్ నంబరు ఉంటాయండి. ఎవరో ఫొటో తీసి గ్రూపుల్లో తిప్పితే నవ్వులపాలయ్యేది నేను. వీటిలో నిజమెంత? అంతటి నటుడికి లిస్టు ఇంత పొట్టిగా ఎందుకుంది? నామినేషన్లు ఎక్కడ దొరుకుతాయి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, టెన్షన్‌గా ఉంది.


అత్తిలి_అబ్బాయి:

లిస్టెందుకన్నా? 'విశ్వనట చక్రవర్తి' అని అడుగెత్తు అక్షరాలు వేసెయ్, ఫ్లెక్స్ నిండిపోద్ది. ఘటోత్కచుడికి అవార్డిచ్చే మొనగాడెవడు? ఒక్కటి మాత్రం, కీచకుడి ఫొటో తీసేసి మాయాబజార్‌లో గద పట్టుకున్నది పెట్టు. పిల్లలు కూడా గుర్తుపడతారు.


జగన్నాథపురం_మాస్టారు (కాకినాడ):

బాబూ, ముందు ఆ ఆస్కార్ తీయించెయ్యండి. మిగతావి తీరిగ్గా చూద్దాం.

నేను లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణి. ఏ లిస్టు చూసినా నా కళ్లు ముందు తారీఖుల మీదికే పోతాయి. ఎస్వీఆర్ 1918లో నూజివీడులో పుట్టారు, 1974 జూలై 18న మద్రాసులో పోయారు. ఆ రెండో తారీఖు ఒక కాగితం మీద రాసుకుని, మన అవార్డులు ఏ ఏడు మొదలయ్యాయో దాని పక్కన వేసుకుంటూ రండి. మీ కాలమ్ ఎందుకు ఖాళీగా ఉందో ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

నంది 1964లో వచ్చింది. అయితే నటుడికి, 'నువ్వు ఉత్తమ నటుడివి' అని విడిగా నంది ఇవ్వడం 1977 సినిమాలతో మొదలైంది. తొలి నంది అందుకున్నది మన మొగల్తూరు కృష్ణంరాజు గారు, అమరదీపానికి. అప్పటికి ఎస్వీఆర్ పోయి మూడేళ్లు. జాతీయ అవార్డుల్లో ఉత్తమ నటుడు 1967 సినిమాలకి మొదలైంది, మొదటిది బెంగాలీ నటుడు ఉత్తమ్ కుమార్‌కి వెళ్లింది. ఇప్పుడు ఇటు చూడండి: పాతాళభైరవి 1951, బంగారు పాప 1955, మాయాబజార్ 1957, నర్తనశాల 1963. ఆయన పేరు చెప్పగానే మనకి గుర్తొచ్చేవన్నీ అంతకు ముందే అయిపోయాయి. ఫిల్మ్‌ఫేర్ వాళ్లు తెలుగు సినిమాకి 1963 నుంచి ఇస్తున్నా, తెలుగు నటుడికి ఇచ్చింది 1972 నుంచి. మొదటిది బడిపంతులుకి ఎన్టీఆర్ గారికి. జీవితకాల కృషికని పెట్టిన రఘుపతి వెంకయ్య అవార్డు 1980లో పుట్టింది.

ఇంకో మెలిక కూడా ఉంది. ఈ 'ఉత్తమ నటుడు' అన్నది ఎప్పుడూ హీరోకే పోయేది. ఎస్వీఆర్ వేసినవేమో తండ్రి, తాత, జమీందారు, మాంత్రికుడు, రాక్షసుడు. సహాయ నటుడికి జాతీయ అవార్డు 1984 సినిమాల దాకా లేదు, తెలుగులో ఫిల్మ్‌ఫేర్ అయితే 2000 దాటాకే. అంటే ఆయన బతికుండగా ఆయన వేసే రకం వేషాలకి ఇక్కడ అవార్డన్నదే లేదు. ఉన్నవి ఇవ్వలేదని తిట్టుకోవడం వేరు, అసలు లేనిదాన్ని ఆయన ఖాతాలో సున్నా అని రాయడం వేరు. మీ ఖాళీ పట్టీలు రెండోదే చేస్తున్నాయి.

రాష్ట్రపతి అవార్డు సంగతి. అది వట్టి కల్పన కాదు, ఖాతా మారిపోయింది. ఆ రోజుల్లో ఢిల్లీ పతకాలు, యోగ్యతా పత్రాలు సినిమాకి వచ్చేవి. అందుకునేది నిర్మాత, దర్శకుడు. బి.ఎన్.రెడ్డి గారి బంగారు పాపకి అలా జాతీయ అవార్డు వచ్చింది. అందులో కరడుగట్టిన కోటయ్య, ఒక పసిపిల్ల చేతికొచ్చాక కొద్దికొద్దిగా మెత్తబడిపోయే కోటయ్య, ఆయనే. సినిమాని నిలబెట్టింది ఆయన కాబట్టి జనం ఆ అవార్డుని కూడా ఆయన చేతిలోనే పెట్టేశారు. అభిమానానికి తప్పు పట్టను గాని ఫ్లెక్స్ మీద మాత్రం సినిమా పేరుతోనే వెయ్యండి.

ఇక మీ కుర్చీ వెనకాయన అడిగిన నంది. ఆయనకి చెప్పండి, ఉంది, నటుడిగా కాదు. ఎస్వీఆర్ రెండు సినిమాలు దర్శకత్వం చేశారు, 1967లో చదరంగం, 1968లో బాంధవ్యాలు. ఆ రెండు సినిమాలకీ నందులొచ్చాయి. ఆ రెండు లైన్ల ముందు మీ బంగారు బొమ్మ నిశ్చింతగా పెట్టుకోవచ్చు. మరీ ముచ్చటేమిటంటే, తర్వాత్తర్వాత నందుల్లో ఉత్తమ క్యారెక్టర్ నటుడికిచ్చినదానికి ఎస్వీ రంగారావు అవార్డు అనే పేరు పెట్టారు.

నామినేషన్లు పూర్తిగా తీసేయండి. నందికైనా, జాతీయ అవార్డుకైనా జ్యూరీ సినిమాలు చూసి ఫలితం చెబుతుంది, పోటీలో ఎవరెవరున్నారో ముందుగా వరస ప్రకటించడం ఉండదు. ఆ హెడ్డింగు కింద ఏది రాసినా అది మీరు కల్పించి రాసిందే అవుతుంది.

అత్తిలి బాబుకి ఒక మాట. ఫొటో కీచకుడిదే ఉండనివ్వండి. ఆయనకి నటుడిగా చేతికొచ్చిన పెద్ద బహుమతి ఆ వేషానికే కదా. గద మీద అంత మమకారం ఉంటే మాయాబజార్‌ని ఇంకోలా చూడండి. మాయా శశిరేఖగా సావిత్రి గారు వేసే అడుగులు, ఛాతీ విరుచుకుని అటూ ఇటూ చూసే చూపు, అవన్నీ ఎస్వీఆర్‌వి. ఆడపిల్ల రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకి తెలియాలంటే ముందు ఘటోత్కచుడి నడక మన కళ్లలో ఉండాలి. సావిత్రి అంతటి నటి ఆయన నడకని పట్టుకుని తన సీను మొత్తం నడిపించింది. మా కాకినాడలో చదువుకుంటూ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో వేషాలేసిన మనిషి, ఆ తర్వాత అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేసిన మనిషి, ఆ నడక ఎక్కడ నేర్చుకున్నారా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే.


వశిష్ఠ_గట్టు (నరసాపురం):

మాస్టారూ, మీ లెక్క బాగుంది. నంది, ఫిల్మ్‌ఫేర్ వరకు నోరు మూసుకుంటాను. మరి పద్మ సంగతేంటండి? అవి 1954లోనే మొదలయ్యాయి కదా. నాగయ్య గారికి 1965లో ఇచ్చారు, భానుమతి గారికి 1966లో, ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరికీ 1968లో. 'ఆయన హీరో కాదుగా' అనడానికీ లేదు, గూడెంలో థియేటర్ కట్టుకున్న రేలంగి గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వేసినవి హాస్య వేషాలే. జకార్తా అయిపోయిన పదేళ్ల దాకా ఎస్వీఆర్ బతికే ఉన్నారు, సినిమాలు చేస్తూనే ఉన్నారు. అక్కడి జ్యూరీకి కనపడ్డ మనిషి ఢిల్లీకి కనపడలేదా? తారీఖులు కుదరలేదంటే ఇక్కడ మాత్రం నేనొప్పుకోను.

2013లో భారతీయ సినిమా వందేళ్ల సందర్భంగా తపాలా శాఖ వేసిన స్టాంపుల్లో మాత్రం ఆయన బొమ్మ ఉంది. ఐదు రూపాయల స్టాంపు. మా నాన్న కొని ఆల్బమ్‌లో పెట్టుకున్నారు, ఉత్తరానికి అంటించనివ్వలేదు.


జగన్నాథపురం_మాస్టారు:

పద్మ విషయంలో నేను సాకులు చెప్పను. ఇచ్చే వీలుంది, ఇవ్వలేదు, అంతే. మీ కోపం న్యాయమైనదే. కానీ జయంతి ఫ్లెక్స్ మీద 'ఇవ్వలేదు' అని రాస్తే దండ వెయ్యడానికి వచ్చినవాళ్లు అక్కడే వాదన పెట్టుకుంటారు. స్టాంపు రాయించండి, బాగుంటుంది. దాంతోపాటు ఇంకోటి: 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో పాతాళభైరవి వేశారు. అది ఆయనకిచ్చిన అవార్డు కాదు, అయినా ఆ సినిమాలో మాంత్రికుణ్ణి తీసేసి చూడండి ఏం మిగులుతుందో.


అత్తిలి_అబ్బాయి:

సరే మాస్టారూ, కీచకుడే. కానీ 'విశ్వనట చక్రవర్తి' మాత్రం ఉండాల్సిందే అన్నా. అది లేకపోతే మా ఊరోళ్లు ఫ్లెక్స్ చూడరు.


గూడెం_డీటీపీ:

అందరికీ దండాలు. ఇంతసేపూ కూర్చుని మార్చాను, చెప్తాను వినండి.

'అవార్డులు, నామినేషన్లు' హెడ్డింగు ఎగిరిపోయింది. దాని చోట 'విశ్వనట చక్రవర్తి' పెద్దక్షరాలు, అత్తిలి తమ్ముడి కోసం. కింద పట్టీలు అలాగే ఉంచి ఏళ్ల వరసన వేశాను. 1951 పాతాళభైరవి, దాని పక్కన చిన్నగా 1952 చిత్రోత్సవం మాట. 1955 బంగారు పాప, 'జాతీయ అవార్డు పొందిన చిత్రం' అని. 1957 మాయాబజార్, దాని పక్కన ఏమీ రాయలేదు, రాయక్కర్లేదనిపించింది. 1964 జకార్తా లైను మాత్రం మిగతావాటి కంటే రెట్టింపు సైజు, ఎర్ర పట్టీ మీద. చదరంగం, బాంధవ్యాలు, ఈ రెండింటి ముందే నంది బొమ్మ. మిగతా నందులన్నీ డిలీట్. అడుగున ఆయన పేరుతో ఇచ్చిన నంది, 2013 స్టాంపు. పద్మ గురించి ఒక్క అక్షరం లేదు. వశిష్ఠ గారూ, ఏమనుకోకండి.

కమిటీ వాళ్లకి డిజైన్ పంపాను. రాష్ట్రపతి అవార్డు అడిగినాయన బంగారు పాప లైను చూసి ఊరుకున్నారు. నంది అడిగినాయన మహా సంబరపడిపోయి, 'చూశావా, నేను చెప్పలా' అన్నారు. ఆస్కార్ అబ్బాయి మాత్రం అలిగాడు. ఫార్వర్డ్‌లో ఉంది కదా, మీకెలా తెలుసు లేదని, అంటున్నాడు. వాళ్ల నాన్నే కసిరారు.


కొవ్వూరు_రేవు:

ఆలస్యంగా చూశాను. అంతా బాగుంది గాని ఒక్క పేరు తగ్గింది. జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో నర్తనశాలకి వచ్చింది ఎస్వీఆర్ బహుమతి ఒక్కటే కాదు, కళాదర్శకుడు టి.వి.యస్.శర్మ గారికి కూడా అవార్డొచ్చింది. ఆ విరాటరాజు కొలువు సెట్టు, ఆ నర్తనశాల సెట్టు ఆయనవే. మీ ఎర్ర పట్టీలో చోటుంటే కలపండి.


గూడెం_డీటీపీ:

చోటుందండి, ఆ పట్టీ ఎలాగూ రెట్టింపు సైజే. 'కళాదర్శకత్వం, టి.వి.యస్.శర్మ' అని జకార్తా లైను కిందే వేస్తున్నాను. రాత్రి ఎనిమిదింటికి మెషీన్ ఎక్కిస్తాను. అక్షరదోషాలుంటే ఆలోగా చెప్పండి, ప్రింటు పడ్డాక చదరపు అడుగుకి ఇంతని నా జేబులోంచే పోద్ది.