అప్‌డేట్: ట్రాఫిక్‌లో ఏసీ వేడిగాలి, ఇంజిన్ వేడి – కారణం దొరికింది

బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఏసీ వేడిగాలి కొడుతోంది, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోతోంది, హోసూరు రోడ్డు ఫ్లైఓవర్ ఎక్కితే రెండూ సర్దుకుంటున్నాయని అడిగాను కదా. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదండీ!

మొదటి గ్యారేజీలో ఏసీ గ్యాస్ నింపాలన్నారు. మీరు చెప్పినట్టు ఏసీ వేసి బానెట్ ఎత్తి చూస్తే ఫ్యాన్ కదల్లేదు. నా కారులో కండెన్సర్‌కీ (ఏసీ వేడిని బయటికి వదిలే భాగం), దాని వెనకున్న రేడియేటర్‌కీ (ఇంజిన్‌ని చల్లబరిచేది) గాలి లాగేది ఆ ఒక్క ఫ్యానే. వేగంగా పోతుంటే ఎదురుగాలి సరిపోతుంది, బండి ఆగితే ఆ గాలీ ఉండదు. ఫ్యూజు బాగుంది, రిలే (ఫ్యాన్‌కి కరెంటిచ్చే స్విచ్చు) మార్చినా లాభం లేదు, మోటారే కాలిపోయింది. కొత్తది వేశాక అరగంట ఐడిలింగ్‌లో ఉంచినా ముల్లు సగం దాటలేదు.

ఇంజిన్ వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దని హెచ్చరించిన అన్నకు చాలా థాంక్స్. ఆ రోజు దాదాపు తీసేసేవాణ్ణే.