కాథలిక్ కాలేజీల్లో ఆడవాళ్ళ తొలి రోజుల చదువు గురించి ఎవరికైనా తెలుసా?

అమెరికాలో కాథలిక్ కాలేజీల్లో ఆడపిల్లల చదువు ఎలా మొదలైందో చదువుతున్నానండి, వాషింగ్టన్‌లో ట్రినిటీ కాలేజీని 1897లో నోట్రడామ్ ద నమూర్ సిస్టర్స్ అనే కాథలిక్ సన్యాసినుల సంఘం వాళ్ళు పెట్టారు, 1900లో క్లాసులు మొదలయ్యాయి, దగ్గర్లోనే ఉన్న కాథలిక్ యూనివర్సిటీ అప్పట్లో అమ్మాయిల్ని చేర్చుకోకపోవడమే దీనికి పెద్ద కారణం. తమాషా ఏంటంటే విడిగా పెట్టుకుంటామన్నా కొందరు మతపెద్దలు గొడవ చేశారు! మేరీల్యాండ్‌లో నోట్రడామ్ కాలేజీ అయితే 1899లోనే అమ్మాయిలకి డిగ్రీలిచ్చేసింది.

నాక్కావాల్సింది ఆ మొదటి బ్యాచ్‌ల సంగతి, ఏ సబ్జెక్టులు చదివేవాళ్ళు, లాటిన్ తప్పనిసరా, పాఠాలు చెప్పే సిస్టర్స్‌కి ట్రైనింగ్ ఎక్కడ దొరికేది, డిగ్రీ అయ్యాక ఉద్యోగాల్లోకి వెళ్ళారా లేదా. కాలేజీలు రాయించుకున్న చరిత్రల్లో పొగడ్తలే ఎక్కువ. అప్పటి ఉత్తరాలు, డైరీలు, కేటలాగులు ఆన్‌లైన్‌లో ఎక్కడైనా దొరుకుతాయా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.