కాకుల్ని, గోరింకల్ని కూడా రోజూ నమోదు చేయాలా?

పెద్దచెరువు గట్టు (విజయనగరం):
ఏడాదిగా పొద్దున్నే పావుగంట పెద్దచెరువు దగ్గర నిలబడి, కనిపించిన పిట్టల్ని ఈబర్డ్‌లో (పిట్టల్ని నమోదు చేసే యాప్) రాస్తున్నాను. కాకులు, గోరింకలు, నీటికాకులు, లకుముకి పిట్ట. రోజూ ఇవే. దీనివల్ల ఎవరికైనా ఉపయోగం ఉందంటారా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
ఉందండీ, ఆపకండి. గుర్తుపట్టినవన్నీ రాసిన జాబితాకే విలువ ఎక్కువ. అందులో లేని పిట్ట ఆ పూట మీకు కనబడలేదని తెలుస్తుంది. అరుదైనవే రాసుకుంటూ పోతే, పిచ్చుకలు తగ్గాయో లేదో రేపు దేన్ని చూసి చెబుతాం? ఫిబ్రవరిలో నాలుగు రోజులు పెరటి పిట్టల లెక్కింపు ఉంటుంది, మన దేశంలో 2013 నుంచి జరుగుతోంది. నేను మా డాబా మీద నుంచే చేస్తాను.

మెట్లకింద పాము (శ్రీకాకుళం):
పిట్టలే కాదు, పాముల్ని కూడా పెట్టండి. వానాకాలంలో ఓ రాత్రి మా మెట్ల కింద నల్లటి పాము, ఒంటి మీద తెల్ల కట్లు. కట్లపామని అందరికీ టెన్షన్. నేను దూరం నుంచే జూమ్ చేసి ఫోటో తీశాను. ఐనాచురలిస్ట్‌లో (ఏ జీవి ఫోటో పెట్టినా అదేంటో మిగతావాళ్లు చెప్పే యాప్) పెట్టేలోపే కొట్టి చంపేశారు. అది విషం లేని వుల్ఫ్ స్నేక్ అని మర్నాడు అక్కడివాళ్లు చెప్పారు. దీనికి కట్లు మెడ దగ్గర స్పష్టంగా మొదలై తోక వైపు మాసిపోతాయి. కట్లపాముకి మామూలుగా తల వైపు మసకగా, తోక వైపు స్పష్టంగా ఉంటాయి. ఆ రాత్రి ఈ ఒక్క ముక్క తెలిసుంటే అది బతికేది, ఇప్పటికీ బాధగానే ఉంది. రెండింటి ఫోటోలూ ప్రింట్ తీసి మెట్ల దగ్గర అతికించాను. తేడా తెలిసినా సరే, దగ్గరికి మాత్రం వెళ్లకండి.

టెక్కలి తమ్ముడు:
అన్నా, మా పొలం గట్టున ఉడుము కనిపించింది. వేటగాళ్లకి దారి చూపినట్టవుతుందేమోనని పెట్టలేదు.

నాగావళి ఒడ్డు:
పెట్టు తమ్ముడూ. ఐనాచురలిస్ట్‌లో లొకేషన్‌కి ‘అబ్‌స్క్యూర్డ్’ ఎంచుకో, సుమారు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో చూపిస్తుంది. తేలినీలాపురం మీకు దగ్గరే కదా, గూడబాతుల ఫోటోలకి వెళ్తే గూళ్ల కిందకి మాత్రం పోవద్దు. తల్లి లేచిందంటే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి.

పెద్దచెరువు గట్టు:
ఇన్నాళ్లూ కాకుల దగ్గర సంఖ్య వేయకుండా, ‘ఉన్నాయి’ అని మాత్రం గుర్తు పెట్టి వదిలేశాను. రేపటి నుంచి లెక్కపెడతాను. మెట్లకింద పాము గారూ, ఆ పాముల కాగితం ఇక్కడ పెట్టండి, మా వీధిలో కూడా అతికిస్తాను.