కావేరిలో గాలపు వేట గైడ్లకు లైసెన్సు తప్పనిసరి చేయాలా?

బెంగళూరు గాలం (చర్చ ప్రారంభం)

కావేరిలో మహసీర్ అనే పెద్ద మంచినీటి చేపకు గాలం వేయడానికి వచ్చేవారిని డబ్బు తీసుకుని వెంట తిప్పే ప్రతి గైడ్‌కూ ప్రభుత్వ లైసెన్సు ఉండాలని, అది లేనివారిని ఆ పని చేయనివ్వకూడదని నా అభిప్రాయం. మన దేశంలో అనుమతి అడిగేది సాధారణంగా గాలం వేసేవారినే. హిమాచల్ ప్రదేశ్‌లో ట్రౌట్ పట్టాలన్నా మత్స్యశాఖ ఇచ్చే లైసెన్సు గాలం వేసేవారి పేరు మీదే ఉంటుంది. అయితే రెండు రోజులుండి వెళ్లిపోయే అతిథికి ఏ మడుగులో చేపలు గుడ్లు పెడతాయో, వానాకాలంలో ఏ చోటుకు దూరంగా ఉండాలో తెలియదు. తెలిసిన మనిషి గైడ్. నదికి జరిగే మేలైనా కీడైనా చాలావరకు అతని చేతి మీదుగానే జరుగుతుంది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. పెద్ద మహసీర్ గాలానికి చిక్కి అరగంట పెనుగులాడితే ఒడ్డుకు వచ్చేసరికి దాని ఒంట్లో సత్తువ మిగలదు. పని తెలిసిన గైడ్ నడుములోతు నీళ్లలోకి దిగి, ఒక చెయ్యి పొట్ట కింద, మరో చెయ్యి తోక మొదట్లో వేసి, తలను ప్రవాహానికి ఎదురుగా ఉంచి పట్టుకుంటాడు. మొప్పలు సమంగా ఆడి, చేప తనంతట తానే చేతిని తోసుకుని వెళ్లేదాకా వదలడు. పని తెలియనివాడు మొప్పల్లో వేళ్లు దూర్చి, నిలువునా పైకెత్తి ఫొటోకు పట్టుకుంటాడు. ఇరవై కిలోల చేపను అలా వేలాడదీసి మళ్లీ నీళ్లలో వేస్తే, వదిలేశామన్న పేరే గానీ అది బతికి బట్టకట్టడం కష్టం.

కర్ణాటకలో కావేరి ఒడ్డున భీమేశ్వరి, దొడ్డమాకళి, గాలిబోరె గాలపు వేట క్యాంపులు నడిచిన కాలంలో పట్టిన చేపను తిరిగి వదలాలన్న నియమం గట్టిగా అమలైంది. వలలు వేసినవారు, తోటాలు పేల్చి చేపలు పట్టినవారు కూడా అక్కడ గైడ్లుగా, కాపలాదారులుగా మారారు. పట్టిన ప్రతి చేప రకమూ బరువూ పుస్తకంలో ఎక్కేవి. గాలిబోరెలో 1998 నుంచి 2012 వరకు అలా నమోదైన ఆరు వేలకు పైగా చేపల లెక్కలే తరువాత పరిశోధకులకు ఆధారమయ్యాయి. కావేరి ఉపనది కబినిలో 1946లో వాన్ ఇంగెన్ పట్టిన 120 పౌండ్ల మహసీర్ గురించి అందరూ చెప్పుకుంటారు. కావేరిలో చేపల పరిస్థితి ఏమిటో చెప్పగలిగింది మాత్రం ఈ క్యాంపు పుస్తకాలే. ఆ క్యాంపులున్న కావేరి వన్యప్రాణి అభయారణ్యం లోపల గాలపు వేట ఆగిపోయింది కనుక, ఇప్పుడు నా ప్రశ్న అభయారణ్యం వెలుపలి నది గురించీ, మున్ముందు మళ్లీ అనుమతులిచ్చే పక్షంలో పెట్టవలసిన షరతుల గురించీ.

హోసూరు రైతు

మాది కావేరికి తూర్పు గట్టు వైపు ప్రాంతం. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, నది దాటితే కన్నడం. చేపను ఎలా పట్టుకోవాలో మీరు రాసిన దానిలో ప్రతి మాటా నిజమే. కానీ ఆ గైడ్‌కు ఆ పని నేర్పింది లైసెన్సు కాదు, నది. మీరు కోరుతున్న విధానం వస్తే ముందుగా దరఖాస్తు, రుసుము, ఆంగ్లంలో రాతపరీక్ష వస్తాయి. వాటిని దాటగలిగేది రిసార్టు యజమాని. తరతరాలుగా పుట్టి నడిపినవాడు ఆ యజమాని కింద దినకూలీ అవుతాడు, లేదా తన ఊరి నదిలోనే దొంగగా నిలబడతాడు. క్యాంపుల్లో గాలపు వేట నిలిచిపోయినప్పుడు ఆ పని మీదే బతికిన గైడ్లకు ఏమి మిగిలిందో కూడా మీరు ఆలోచించాలి. లైసెన్సు అంటే ఇచ్చినవారు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల కాగితం.

ఇక గాలిబోరె లెక్కల సంగతి. వాటిలో తేలినదేమిటి? గాలానికి పడే చేపల సంఖ్య పెరిగింది, సగటు పరిమాణం తగ్గింది. కావేరికి సొంతమైన మూపురం మహసీర్ వాటా పడిపోయింది, దాని పిల్లలు దాదాపు కనిపించకుండా పోయాయి. ఆ స్థానంలోకి వచ్చింది నీలిరెక్కల మహసీర్. మహారాష్ట్రలోని లోనావాలాలో చేపపిల్లల ఉత్పత్తి కేంద్రంలో పెంచిన ఆ చేపపిల్లలను తెచ్చి కావేరిలో వదిలినవారు నదికి మేలు చేస్తున్నామనే నమ్మారు. మూపురం మహసీర్ అసలు టోర్ రెమాదేవీ అనే జాతి అని పరిశోధకులు నిర్ధారించింది 2018లో. ఈనాడు అది తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలో ఉంది. గైడ్లందరి మెడలో లైసెన్సులు వేలాడినా ఈ నష్టం ఆగేదా? పెద్ద నిర్ణయాలు తీసుకునేవారిని వదిలేసి, చివరి మెట్టు మీద ఉన్నవాడిని నియంత్రిస్తే నది బాగుపడుతుందని నేను నమ్మను.

గోదావరి గట్టు

రాజమహేంద్రవరం నుంచి ఒక మాట. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. గోదావరి వరద మీద ఉన్న రోజున ఆ బోటు బయలుదేరింది. బోట్ల మీద నిఘాకు కంట్రోల్ రూములు పెట్టింది ఆ తరువాతే. కాబట్టి లైసెన్సు ఉందా లేదా అన్నదానికంటే, ఆ రోజు ఉదయం రేవులో నిలబడి "ఈ వేళ వద్దు" అని చెప్పే అధికారం ఎవరికుంది, ఆ మాటను ఎవరు వింటారు అన్నది నాకు ముఖ్యం. మీ కావేరి మీదే హొగెనక్కల్‌లో ప్రవాహం పెరిగిన రోజుల్లో ధర్మపురి జిల్లా యంత్రాంగం పుట్టి ప్రయాణాలను నిలిపివేస్తుంది. గైడ్ల విషయంలోనూ ముందు కావలసింది అటువంటి ఏర్పాటు.

బెంగళూరు గాలం

హోసూరు రైతు గారూ, రాతపరీక్ష గురించి మీ భయం న్యాయమైనదే, అయితే పరీక్ష రాతలోనే జరగాలన్న నియమమేమీ లేదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 1897లోనే గైడ్ల నమోదును చట్టం చేసింది, ఇప్పటికీ అక్కడ మౌఖిక పరీక్ష ఉంది. మన దగ్గర ఆ పరీక్షను నది ఒడ్డునే, కన్నడం, తమిళం, తెలుగు భాషల్లో ఏది వచ్చినవారికి ఆ భాషలో పెట్టాలి. ఒడ్డు గ్రామాలవారి దగ్గర రుసుము తీసుకోకూడదు. లైసెన్సు మనిషి పేరు మీద ఉండాలి తప్ప రిసార్టు పేరు మీద కాదు, దాన్ని మరొకరికి బదలాయించే వీలూ ఉండకూడదు. అప్పుడు యజమాని గైడ్‌ను వెతుక్కుంటూ రావలసి వస్తుంది.

నీలిరెక్కల చేప విషయంలో మాత్రం మీతో విభేదిస్తున్నాను. ఆ మార్పు బయటపడింది గైడ్లు రోజూ చూసి రాయించిన లెక్కల వల్లనే. ఆ పుస్తకాలను ఏటేటా ఎవరైనా తెరిచి చూసే ఏర్పాటు ఉండి ఉంటే, మూపురం మహసీర్ తగ్గిపోతున్న సంగతి ఎంతో ముందుగా తెలిసేది, పరాయి చేపపిల్లలను వదలడం ఆపమని అడగడానికి ఆధారమూ ఉండేది. పేలుడు పదార్థాలతో చేపలు పట్టడాన్ని మన దేశంలో నిషేధించిన చట్టం కూడా 1897 నాటిదే. శతాబ్దం దాటినా ఆ పద్ధతి పోలేదు. చట్టం పుస్తకంలో ఉంటుంది, నది మీద ఉండేది గైడ్. అతనికి గుర్తింపు లేకపోతే, పేలుడు విని ఫోన్ చేసినా అతని మాటకు విలువ ఇచ్చేవారుండరు.

హోసూరు రైతు

ఒడ్డున మౌఖిక పరీక్ష, మనిషి పేరు మీద లైసెన్సు అంటే నా అభ్యంతరాల్లో సగం తీరినట్లే. మిగిలిన సగం మీరు తాకలేదు. రాజ్యాంగం ప్రకారం చేపల వేట రాష్ట్రాల జాబితాలోనిది. మా ప్రాంతంలో కొంత దూరం కావేరే రెండు రాష్ట్రాలకు హద్దు. అవతల కర్ణాటక 1987లో ప్రకటించిన అభయారణ్యం, ఇవతల తమిళనాడు 2014లో, 2022లో ప్రకటించిన రెండు అభయారణ్యాలు ఉన్నాయి. కర్ణాటక లైసెన్సుతో బయలుదేరిన గైడ్ పుట్టి సుడికి కొట్టుకుని ఇవతలి గట్టుకు వస్తే అతను ఇక్కడి అటవీ సిబ్బంది దృష్టిలో నేరస్థుడు. రెండు ప్రభుత్వాల మత్స్య, అటవీ శాఖలు ఒకే జాబితాను అంగీకరించకపోతే ఈ కాగితం పేదవాడికి కొత్త చిక్కు తెచ్చిపెడుతుంది.

మరొకటి, ఆ లెక్కల పుస్తకం ఎవరిది? చూసి చెప్పేది గైడ్, పుస్తకం క్యాంపుది, పేరు పరిశోధకులది అయితే నేను ఒప్పుకోను. ప్రతి పేజీకి నకలు గైడ్ దగ్గర ఉండాలి. ఆ నది మీద ఆనకట్ట గురించో, చేపపిల్లలను వదలడం గురించో ప్రభుత్వం నిర్ణయం తీసుకునేటప్పుడు ఆ లెక్కలతో గ్రామసభలో నిలబడి మాట్లాడే హక్కు అతనికి ఉండాలి. కావేరి మీద మేకెదాటు దగ్గర కర్ణాటక తలపెట్టిన జలాశయం వస్తే మనం చర్చిస్తున్న మడుగుల్లో కొన్ని మునిగిపోతాయి. ఈ రెండు షరతులూ నిబంధనల్లో రాతపూర్వకంగా చేరేదాకా నా ఓటు లైసెన్సుకు వ్యతిరేకమే.